కింద కొట్టు, పైన కాపురం: నీళ్ళు దిగే దారి, పొగ ఎక్కే దారి

క్లుప్తంగా: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వంటి ఒడిశా సరిహద్దు ఊళ్ళలో పాత వీధి ఇళ్ళ స్థానంలో కింద షాపులు, పైన ఫ్లాట్లు లేస్తున్నాయి. ఇవి చూడ్డానికి ఒకే భవనం. నిజానికి ఒకే పునాది మీద నిలబెట్టిన రెండు భవనాలు. వీటిలో తలెత్తే చిక్కుల్లో ఎక్కువ భాగం ఈ రెంటి మధ్యనున్న ఒకే ఒక్క శ్లాబు దగ్గర పుడతాయి. పిల్లర్లు, మెట్లు, గొట్టాలు, పొగ ఆ శ్లాబును ఎక్కడ దాటాలో ముందే తేల్చుకోవాలి. దానికన్నా ముందు తేల్చాల్సింది మొదటి అంతస్తు ఎవరికన్నది.

పాత వీధి ఇంట్లో తలుపు చేసిన పని

బరంపురం బడా బజార్ చుట్టుపక్కల, పర్లాకిమిడి పాత వీధుల్లో ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ముఖం పదిహేను ఇరవై అడుగులు, లోతు ఎనభై తొంభై. వీధి వైపు అరుగు, దాని వెనక కొట్టో మగ్గమో, ఆ వెనక సావిడి, వంటిల్లు, చివర పెరడు, నుయ్యి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా ఇవి మద్రాసు ప్రెసిడెన్సీ ఊళ్ళే కాబట్టి ఇచ్ఛాపురం, శ్రీకాకుళం వీధుల పోలిక ఇక్కడా కనిపిస్తుంది. వ్యాపారం, కాపురం ఒకే కప్పు కింద ఉండటం ఈ ప్రాంతానికి కొత్త సంగతి కాదు.

మారింది రెండు విషయాల్లో. అప్పట్లో కొట్టు ముందు, ఇల్లు వెనక. రెంటికీ మధ్య ఒక తలుపు. అది మూస్తే వ్యాపారం ఆగిపోయేది. ఇప్పుడు కొట్టు కింద, ఇల్లు పైన. మధ్యనున్నది మూయడానికి వీల్లేని శ్లాబు. నీళ్ళు కిందికి దిగుతాయి, పొగా వాసనా పైకి ఎక్కుతాయి. రెండో మార్పు యాజమాన్యంలో వచ్చింది. కొట్టు వాసన భరించేదీ, ఆ కొట్టు మీద బతికేదీ అప్పుడు ఒకే కుటుంబం. ఇప్పుడు కింద అద్దెదారు, పైన ఫ్లాటు కొన్నవారు, ఎక్కడో ఊళ్ళో స్థలం యజమాని. ఒకప్పుడు ఇంటిల్లిపాదీ సర్దుకుపోయినదాన్ని ఇప్పుడు ప్లానే సర్దాలి.

ముందు నేల కాగితం

ఈ భాగం చాలామందికి తెలిసిందే అయినా, ఆంధ్ర వైపు నుంచి వచ్చి కొనేవారు తరచు తడబడేది ఇక్కడే. ఒడిశా భూమి రికార్డుల్లో ప్రతి ప్లాటుకూ ‘కిసమ్’ అని ఒక రకం రాసి ఉంటుంది. ఇల్లు కట్టే స్థలం ‘ఘరబారి’ అయి ఉండాలి. పొలం కిసమ్‌లో ఉంటే 1960 నాటి ఒడిశా భూసంస్కరణల చట్టం సెక్షన్ 8-ఎ కింద తహసీల్దారు దగ్గర మార్పించుకోవాలి.

రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి జిల్లాలు షెడ్యూల్డు ప్రాంతాలు. అక్కడ షెడ్యూల్డు తెగలవారి స్థిరాస్తి బదిలీకి 1956 నాటి రెండో నంబరు రెగ్యులేషన్ వర్తిస్తుంది. గిరిజనుల భూమి గిరిజనేతరుల పేరుకు మారదు. మధ్యలో ఎన్ని చేతులు మారినట్టు కాగితాలు చూపించినా మొదటి చేయి ఎవరిదో చూడాలి. బరంపురం డెవలప్‌మెంట్ అథారిటీ పరిధిలో భవనానికి 2020 నాటి ఒడిశా డెవలప్‌మెంట్ అథారిటీల ప్లానింగ్, భవన ప్రమాణాల నియమావళి వర్తిస్తుంది. ఎంత కట్టవచ్చు, చుట్టూ ఎంత వదలాలి అన్నవి స్థలం, ఎదురు రోడ్డు వెడల్పు, భవనం ఎత్తులను బట్టి మారతాయి. కాబట్టి అమీనుతో (భూమి కొలిచే సర్వేయరుతో) స్థలమే కాకుండా రోడ్డు కూడా కొలిపించాలి. కాగితం మీద 40 అడుగుల రోడ్డు అరుగులు, మెట్లు, కాలవ పోగా నేల మీద 30 అడుగులే తేలడం అరుదు కాదు.

ఒక లెక్క: 40 అడుగుల ముఖం, 90 అడుగుల లోతు

ఊహాజనితమైన స్థలం ఒకటి తీసుకుంటే విషయం తేలికగా అర్థమవుతుంది. ముఖం 12 మీటర్లు, లోతు 27 మీటర్లు. ముందూ వెనకా 3 మీటర్లు, పక్కల 1.5 మీటర్ల చొప్పున వదిలామనుకుందాం. అసలు వదలాల్సిన కొలతలు నియమావళి చెప్పినట్టే. భవనానికి మిగిలేది 9 మీటర్ల వెడల్పు, 21 మీటర్ల పొడవు, అంటే అంతస్తుకు 189 చదరపు మీటర్లు.

మొదటి అడ్డంకి ఎత్తు. జాతీయ భవన నియమావళి 2016 ప్రకారం 15 మీటర్లు, ఆపై ఎత్తున్నది హైరైజ్. ఆ గీత దాటితే అగ్ని భద్రత కొలమానమే మారిపోతుంది. ప్లింతు (నేల మీంచి గచ్చు దాకా ఎత్తు) 0.6 మీటర్లు, షాపు అంతస్తు 3.6, దాని మీద 3 మీటర్ల చొప్పున మూడు అంతస్తుల ఫ్లాట్లు వేస్తే మొత్తం 13.2 మీటర్లు. నాలుగో అంతస్తు ఫ్లాట్లు ఇరికించాలని ఒక్కో అంతస్తును 2.9కి కుదించినా లెక్క 15.8 అవుతుంది. నివాస గదికి కనీసం 2.75 మీటర్ల ఎత్తు కావాలి కాబట్టి అంతకన్నా కుదించే వీలు లేదు. షాపులో అటక వేసుకోవడానికి ఎత్తు అడిగే అద్దెదారు నిజానికి పైనున్న ఒక అంతస్తును అడుగుతున్నట్టే.

మొదటి అంతస్తు ఎవరిది?

మిగిలిన నిర్ణయాలన్నీ ఈ ప్రశ్న వెంటే వస్తాయి. నేల అంతస్తు షాపులకు, పై రెండు ఇళ్ళకు అన్న దాంట్లో ఎవరికీ పేచీ లేదు. మొదటి అంతస్తు మాత్రం ఆఫీసుకో, కోచింగ్ సెంటరుకో, క్లినిక్‌కో, ఫ్లాట్లకో దేనికైనా పోవచ్చు. అద్దె ఎక్కువ వస్తుందని చాలామంది ‘అప్పటికి చూద్దాం’ అని వదిలేస్తారు. అసలు పొరపాటు అదే.

జాతీయ భవన నియమావళి మనుషుల లెక్క చూస్తే కారణం తెలుస్తుంది. ఇళ్ళకు 12.5 చదరపు మీటర్లకు ఒక మనిషి, ఆఫీసుకు 10కి ఒకరు, పై అంతస్తు షోరూముకు 6కి ఒకరు, తరగతి గదులకు 4కి ఒకరు. 180 చదరపు మీటర్ల ఒకే అంతస్తులో ఫ్లాట్లుంటే 14 మంది, ఆఫీసైతే 18, బట్టల షోరూమైతే 30, కోచింగ్ సెంటరైతే 45. అదీ కాగితం మీద. బెంచీకి అయిదుగురిని కూర్చోబెట్టే కోచింగ్‌లో అసలు సంఖ్య ఇంకా పైనే ఉంటుంది. అదే నేల, అదే శ్లాబు, మెట్ల మీద జనం మూడింతలు.

మెట్ల కొలతలూ మారతాయి. అపార్ట్‌మెంటు మెట్ల వెడల్పు 1.25 మీటర్లు చాలు. షాపులు, ఆఫీసులకు 1.5 కావాలి. ఇంటి మెట్టుకు 250 మి.మీ. పాదం, 190 మి.మీ. దాకా ఎత్తు ఒప్పుకుంటారు. మిగతావాటికి పాదం 300కి తగ్గరాదు, ఎత్తు 150 మించరాదు. 3.6 మీటర్ల షాపు అంతస్తు ఎక్కడానికి 150 చొప్పున 24 మెట్లు, పన్నెండేసి చొప్పున రెండు వరసలు. ఒక్కో వరసకు 11 పాదాలు, అంటే 3.3 మీటర్లు. రెండు చివరలా 1.5 మీటర్ల ల్యాండింగులు కలిపితే 6.3 మీటర్ల పొడవు, 3.1 మీటర్ల వెడల్పు. ఇదే ఎత్తు ఇంటి మెట్లతో ఎక్కితే 4.75 మీటర్ల పొడవు, 2.6 వెడల్పుతో సరిపోతుంది.

9 మీటర్ల వెడల్పులో పెద్ద షాపు, కారు వెనక్కి వెళ్ళే దారి, రెండు మెట్లు అన్నీ ఇమడవు. మొదటి అంతస్తు కూడా ఫ్లాట్లకే ఇస్తే ఒక మెట్ల దారి చాలు. అది షాపుల వెనక సర్దుకుంటుంది, పక్క బే (రెండు పిల్లర్ల వరసల నడుమ చోటు) కారు దారి అవుతుంది. మొత్తం ఆరు ఫ్లాట్లు. మొదటి అంతస్తు ఆఫీసుకిస్తే దానికి వేరే మెట్లు వీధి వైపే ఉండాలి. కారు దారి పోతుంది, ఫ్లాట్లు నాలుగే మిగులుతాయి. రెండూ సాధ్యమే, రెంటికీ మార్కెట్టు ఉంది. లేనిదల్లా రెంటినీ ఒకే ప్లానులో చూపించి అనుమతి తెచ్చుకుని, శ్లాబు పచ్చి ఆరకముందే పార్కింగుకు షట్టరు బిగించే మూడో దారికి. బరంపురం గిరి రోడ్డు వంటి వీధుల్లో సాయంత్రం స్కూటర్లు రోడ్డు మీదే నిలవడానికి ఆ మూడో దారి కూడా ఒక కారణం. రెండేళ్ళకోసారి ఠాకురాణి జాతర వచ్చినప్పుడు ఈ బండ్లన్నీ ఎక్కడికి పోవాలో ఎవరికీ తెలియదు.

పిల్లర్ల పంచాయితీ

షాపువాడికి నడుమ పిల్లరు ఉండకూడదు. కారుకు 2.5 మీటర్ల వెడల్పు కావాలి. పడకగది 3 నుంచి 3.5 మీటర్లు. ఈ మూడింటినీ కలిపే కొలత దొరక్క, కింద ఒక వరస, పైన మరో వరస పిల్లర్లు వేసి నడుమ లావుపాటి బీము మీద పై పిల్లరును నిలబెట్టేస్తారు. దీన్నే ఫ్లోటింగ్ కాలమ్ అంటారు. భూకంపాన్నీ గాలి తోపునూ తట్టుకోవాల్సిన చట్రంలో ఇది నిషిద్ధమని ఐఎస్ 1893 అనే భారత భూకంప ప్రమాణం 2016 కూర్పు చెబుతుంది. నిషేధం సంగతి పక్కన పెట్టినా, ఆ బీము లోతే షాపు ఎత్తును మింగేస్తుంది.

మన స్థలానికి సరిపోయే కొలత ఒకటుంది. 300 మి.మీ. పిల్లర్లు మూడు వరసలు, మధ్య నుంచి మధ్యకు 5.3 మీటర్లు, 3.4 మీటర్లు. పెద్ద బేలో పిల్లర్ల మధ్య ఖాళీ సరిగ్గా 5 మీటర్లు. రెండు కార్లు పక్కపక్కన పడతాయి, లేదా మంచి షాపు వస్తుంది. చిన్న బేలో 3.1 మీటర్లు. కారు దారికి చాలు, ఆఫీసు మెట్లు కావాలంటే 1.5 మీటర్ల వరసలు రెండు పట్టి నడుమ 100 మి.మీ. ఖాళీ మిగులుతుంది. పైన పెద్ద బేలో హాలు, చిన్న బేలో పడకగది. సమాన బేలు వేయాలన్న మేస్త్రీల అలవాటు మానితే చాలు. 4.35 మీటర్ల సమాన బేలలో ఒక కారు నిలిపాక మిగిలే చోటు రెండో కారుకు చాలదు.

నేల అంతస్తులో షట్టర్లు, పై అంతస్తుల్లో ఇటుక గోడలు ఉండటం వల్ల వచ్చే మెత్తని అంతస్తు సమస్య కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పైభాగం పెట్టెలా బిగిసి ఉంటుంది, కింద పిల్లర్లు ఒంటరిగా నిలబడతాయి. పక్కకు తోసే బలమంతా వాటి మెడ మీదే. 2001 జనవరి 26 భుజ్ భూకంపానికి అంత దూరంలో ఉన్న అహ్మదాబాదులో పార్కింగు మీద నిలబెట్టిన అపార్ట్‌మెంట్లు కూలింది ఇలాగే. గంజాం వైపు భూకంప తీవ్రత తక్కువే అయినా తుపాను గాలి తోపు ఉంది. లిఫ్టు చుట్టూ, మెట్ల చుట్టూ కాంక్రీటు గోడ పోయడం వల్ల నేల అంతస్తు బిగుస్తుంది. అవి పునాది నుంచే లేవాలి, ఒక మూలకు కాకుండా వీలైనంత నడిమికి ఉండాలి.

శ్లాబు మీద ఎంత పెడుతున్నారు?

ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం ఇంటి గది శ్లాబు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడుక భారానికి కడతారు, చిల్లర షాపుకు 400. సరుకు గోడౌనుకు నిల్వ ఎత్తులో ప్రతి మీటరుకూ సుమారు 240, ఎటు చూసినా 750కి తగ్గకుండా. ఇవి అంకెలుగా కాకుండా బస్తాలుగా చూస్తే బాగా అర్థమవుతుంది. బియ్యం బస్తాలు ఛాతీ ఎత్తున, 1.2 మీటర్లు పేరిస్తే చదరపు మీటరుకు దాదాపు 900 కిలోలు. ఫ్లాటు కోసం పోసిన శ్లాబుకు అది నాలుగున్నర రెట్లు. కిరాణా హోల్‌సేలు వ్యాపారి మొదటి అంతస్తులో ఒక గది అద్దెకడిగితే ఇచ్చే ముందు చూడాల్సింది ఇదే. శ్లాబు ఒక్కరోజులో విరగదు. ముందు కిందివైపు నడిమిలో సన్నని పగుళ్ళు, తలుపు ఫ్రేములు బిగుసుకుపోవడం కనిపిస్తాయి.

గోడల బరువునూ మరిచిపోతుంటారు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ 3 మీటర్ల ఎత్తు కడితే మీటరు పొడవుకు దాదాపు 1.3 టన్నులు. ఆఫీసుగా కట్టిన హాలును తర్వాత ఫ్లాట్లుగా విడగొట్టేటప్పుడు కింద బీము లేని చోట ఈ గోడ లేపకూడదు. నాలుగంగుళాల తేలిక బ్లాకులు వాడితే అందులో ఆరో వంతు బరువుతో పని అవుతుంది.

పొగ ఎక్కే దారి

మిశ్రమ భవనంలో ప్రాణాంతకమైన లోపం ఒకటే. షాపుకూ ఫ్లాట్లకూ మెట్లు ఒకటే కావడం. 2025 మే 18న హైదరాబాదు గుల్జార్ హౌజ్ దగ్గర కింద దుకాణాలు, పైన నివాసం ఉన్న భవనంలో మంటలు లేచి 17 మంది చనిపోయారు. పైనున్నవాళ్ళు దిగడానికి ఉన్నది ఒకే ఇరుకు మెట్ల దారి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో పుట్టిన పొగ పైనున్న లాడ్జిలోకి ఎక్కి 8 మందిని బలిగొంది.

జరిగేది ఇది. రాత్రి మూసిన షాపులో తీగ కాలి సరుకు అంటుకుంటుంది. షట్టరు దించి ఉండటంతో బయటివారికి ఆలస్యంగా తెలుస్తుంది. వేడెక్కిన పొగకు పైకి పోయే దారి కావాలి. షాపు వెనక తలుపు మెట్ల వైపు తెరుచుకుని ఉంటే మెట్లే పొగగొట్టం అవుతుంది. మంట రాకముందే పొగ వచ్చి కూర్చుంటుంది. ఫ్లాటు తలుపు తెరిచినవారు నేరుగా దానిలోకి అడుగు పెడతారు.

కాబట్టి షాపు నుంచి ఫ్లాట్ల మెట్లకు తలుపు ఉండకూడదు, ‘ఎప్పుడూ తాళం వేసే ఉంటుంది’ అనే తలుపు కూడా. షాపు సిబ్బంది మరుగుదొడ్డి మెట్ల కింద పెట్టడం వల్లే చాలాచోట్ల ఈ తలుపు పుడుతుంది. దాన్ని షాపు లోపలికో, పెరటి వైపుకో మార్చాలి. ఫ్లాట్ల మెట్లు నేరుగా ఆరుబయటికి దిగాలి. కారు దారిలోకి దిగితే ఆ మెట్ల మొదట్లో స్కూటర్లు నిలపకూడదు, ఛార్జింగు పాయింటు అసలే పెట్టకూడదు. మెట్ల పైభాగంలో మూతపడని కిటికీ ఉంటే చేరిన పొగ బయటికి పోతుంది.

శ్లాబు కూడా మంటను ఆపాలి. ఐఎస్ 456 లెక్కన రెండు గంటలు నిలవాలంటే శ్లాబు మందం కనీసం 125 మి.మీ., వరుస బేల మీద సాగే శ్లాబుకు కడ్డీ కింద 25 మి.మీ. కవరు (కడ్డీని కప్పే కాంక్రీటు పొర) ఉండాలి. ఇక్కడి మేస్త్రీలు అలవాటుగా పోసే నాలుగున్నర అంగుళాలు 114 మి.మీ. దాని కింద పెట్టే 20 మి.మీ. కవరు బిళ్ళలు గంటన్నరకే సరిపోతాయి. తేడా అర అంగుళం కాంక్రీటు, అయిదు మి.మీ. బిళ్ళ. మొత్తం భవనంలో ఇంత చవకైన భద్రత ఇంకోటి లేదు. అయితే గొట్టాల కోసం ఆ శ్లాబుకు కొట్టిన కన్నాలను సిమెంటుతో పూడ్చకుండా వదిలేస్తే ఈ అర అంగుళం వృథా.

బయటినుంచి ఎక్కే మంటకు నిచ్చెన సైనుబోర్డు. అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ పొర ఉండే షీట్లతో షాపు నుదురు కప్పి, పై ఫ్లాటు కిటికీ దాకా తీసుకుపోవడం ఇప్పుడు ఫ్యాషన్. షాపు పైఅంచుకూ ఫ్లాటు కిటికీ గట్టుకూ మధ్య దాదాపు మీటరు గట్టి గోడ వదిలి, బోర్డును ఆ గీత కిందే ఆపాలి.

నీళ్ళు దిగే దారి

కొట్టువాడికీ పైవాడికీ మాటలు ఆగిపోయే కారణాల్లో మొదటిది స్నానాలగది లీకేజీ. ఫ్లాటు బాత్రూము కోసం శ్లాబును 300 మి.మీ. లోతు దించి, దానిలో గొట్టాలు పరిచి, ఇటుక ముక్కలు నింపి, పైన టైల్సు వేస్తారు. జాయింటు కారితే నీళ్ళు ఆ గుంటలో నెలల తరబడి నిలిచి, ఒకనాడు కింద బట్టల షాపు సీలింగు నుంచి పట్టుచీరల బీరువా మీద దిగుతాయి. పైవాడి ఇంట్లో ఒక్క చుక్కా కనపడదు కాబట్టి తన తప్పేమీ లేదని నిజాయితీగానే నమ్ముతాడు.

దీనికి విరుగుడు స్థానంలోనే ఉంది. అన్ని అంతస్తుల బాత్రూములూ ఒకదాని మీద ఒకటి, బయటి గోడకో షాఫ్టుకో ఆనుకుని ఉండాలి. వాటి కింద నేల అంతస్తులో కారు దారో, షాపు మరుగుదొడ్డో ఉండాలి, సరుకు ఉండకూడదు. దించిన గుంట అడుగున చిన్న పారుదల గొట్టం ఒకటి పెట్టి బయటికి కనపడేలా వదిలితే లీకు మొదటి వారంలోనే బయటపడుతుంది. గొట్టాన్ని షాపు సీలింగు కింద అడ్డంగా తిప్పడం చివరి మార్గం. 100 మి.మీ. మురుగు గొట్టానికి 60కి 1 వాలు ఇస్తే ఆరు మీటర్ల పరుగుకు 100 మి.మీ. దిగుతుంది. 450 మి.మీ. బీము కింద ఆ వాలు, గొట్టం, ఫాల్స్ సీలింగు కలిపితే 3.6 మీటర్ల షాపులో మిగిలేది మూడు మీటర్లు కూడా కాదు.

21 మీటర్ల లోతు భవనానికి నడిమిలో వెలుతురు, గాలి రావు. వంటిళ్ళు, బాత్రూములు తెరుచుకునే షాఫ్టు 18 మీటర్ల లోపు ఎత్తుకు 4 చదరపు మీటర్లు, ఇరుకు వైపు 1.5 మీటర్లు ఉండాలి. ఆ షాఫ్టు అడుగు నేల దాకా తెరిచే ఉండాలి, మనిషి లోపలికి పోయి గొట్టం బాగుచేసే తలుపు ఉండాలి. షాపువాడు దాని మీద రేకు వేసి గోడౌను చేసుకోవడం తరచు చూసేదే.

హోటలుకు అద్దెకిస్తే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. పొయ్యి పొగగొట్టం డాబా మీది దాకా వేరే షాఫ్టులో పోవాలి. తర్వాత పెడదామంటే ఫ్లాటు బాల్కనీల ముందునుంచి తప్ప దారి ఉండదు. గిన్నెలు కడిగిన నీళ్ళు జిడ్డు తొట్టె దాటాకే మురుగులోకి వెళ్ళాలి. గ్యాసు గాలికన్నా బరువు కాబట్టి సిలిండర్లు సెల్లారులో ఉంచకూడదు. నీళ్ళ వాడకమూ తక్కువ కాదు. ఇళ్ళకు మనిషికి రోజుకు 135 లీటర్లు, హోటలుకు కుర్చీకి 70 లీటర్లు లెక్క. 40 కుర్చీల హోటలు 2,800 లీటర్లు తాగుతుంది. అయిదుగురేసి ఉన్న నాలుగు ఫ్లాట్లు కలిసి వాడేది 2,700. సంపు నడుమ గోడ కట్టి రెండు చేసి, రెండు మోటార్లు పెట్టకపోతే వేసవిలో ఎవరి నీళ్ళు ఎవరు వాడారన్న లెక్క తేలదు.

సెప్టిక్ ట్యాంకు విషయం ఒక్క వాక్యంలో అయిపోతుంది. లారీ గొట్టం అందే చోట, షాపు నేల కింద కాకుండా ఉండాలి.

తుపాను వచ్చినప్పుడు షట్టరు

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లా మీదుగా పోయింది. ఒడిశా తీర పట్టీకి ఐఎస్ 875 మూడో భాగం ఇచ్చే మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, గంటకు 180 కిలోమీటర్లు. దాని ఒత్తిడి చదరపు మీటరుకు రమారమి 150 కిలోలు.

షాపుల ముఖమంతా షట్టర్లే అయిన భవనానికి ఇందులో ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. అన్నీ మూసి ఉన్నంతసేపూ లోపలి ఒత్తిడి గుణకం 0.2. ఒక షట్టరు గైడు చానలు నుంచి ఊడి గోడలో అయిదో వంతుకు మించి తెరుచుకుంటే అది 0.7కు చేరుతుంది. లోపలినుంచి వెనక గోడను, కిటికీలను తోసే బలం 30 కిలోల నుంచి 105 కిలోలకు పెరిగినట్టు. వెడల్పాటి ఒకే షట్టరు కన్నా నడుమ తీసిపెట్టే నిలువు కడ్డీతో రెండు చిన్నవి మేలు. గైడు చానలు లోతుగా ఉండాలి, ఇటుకలో మేకులతో కాకుండా కాంక్రీటులో బోల్టులతో బిగించాలి. డాబా మీది రేకుల షెడ్డు, హోర్డింగు ముందుగా ఎగిరేవి. వాటిని అద్దెకిచ్చే ముందు పారాపెట్ గోడ కాకుండా పిల్లరు తలలే ఆధారం అయ్యేలా చూడాలి.

గోపాల్‌పూర్ వంటి ఉప్పు గాలి చోట ఐఎస్ 456 ప్రకారం ఎం30 కాంక్రీటు, 45 మి.మీ. కవరు కావాలి. వాన నీటికి ప్లింతు ఎత్తు పెంచితే చక్రాల కుర్చీ ర్యాంపు పెరుగుతుంది. 12కు 1 వాలున 0.6 మీటర్ల ప్లింతుకు 7.2 మీటర్ల ర్యాంపు. ముందు వదిలిన 3 మీటర్లలో అది నిటారుగా పట్టదు. ముఖం వెంట అడ్డంగా తిప్పాలి, అంటే షాపు మెట్లు ఎక్కడ వస్తాయో కూడా ఇప్పుడే గీయాలి.

మీటర్లు, చప్పుడు, హక్కులు

దక్షిణ ఒడిశాలో కరెంటు పంపిణీ 2021 జనవరి 1 నుంచి టీపీఎస్‌ఓడీఎల్ (టాటా పవర్ పంపిణీ సంస్థ) చేతిలో ఉంది. ఇళ్ళకూ షాపులకూ టారిఫ్ వేరు. ఇంటి మీటరు మీద షాపు నడిపితే 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద రెట్టింపు రేటుతో లెక్క కడతారు. షాపు, ఫ్లాటు, ఉమ్మడి వాడకం మూడింటికీ మూడు ప్యానెళ్ళు ఉండాలి. మీటర్ల గది మెట్ల కింద కాకుండా బయటి గోడకు పెట్టాలి. చప్పుడుకు కూడా హద్దులు వేరు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో వాణిజ్య ప్రాంతానికి పగలు 65, రాత్రి 55 డెసిబెల్స్. నివాస ప్రాంతానికి 55, 45. వీధి వాణిజ్యమని నోటిఫై అయి ఉంటే పైవారికి చట్టం ఇచ్చే ఊరట తక్కువే. జనరేటరును పడకగదుల కింద కాకుండా వీధి వైపు పెట్టడమే దిక్కు.

అమ్మకానికి కట్టేవారు ఒకటి గమనించాలి. స్థిరాస్తి అమ్మకాలను నియంత్రించే రెరా చట్టం 2016లో ‘అపార్ట్‌మెంటు’ నిర్వచనంలోకి షాపు, ఆఫీసు, గోడౌను కూడా వస్తాయి. ఆరు ఫ్లాట్లే కదా, రెరా నమోదు అక్కర్లేదు అనుకుంటే, ఆ లెక్కలో కింద మూడు షాపులతో తొమ్మిది అవుతాయి.

దస్తావేజు రాసేటప్పుడు డాబా ఎవరిది, సైనుబోర్డు గోడ ఎవరిది, లిఫ్టు ఖర్చులో కింది షాపుకు వాటా ఉందా అన్నవి చాలామంది రాయిస్తారు. రాయించనిది ఒకటుంది. ఫ్లాటు గొట్టం కారితే దాన్ని బాగుచేయాల్సింది కింది షాపు సీలింగు విప్పి. ఎన్ని రోజుల్లో షట్టరు తెరిచి పనివాళ్ళను రానివ్వాలి, విప్పిన సీలింగు ఎవరి ఖర్చుతో మళ్ళీ బిగించాలి, తడిసిన సరుకు లెక్క ఎవరు కట్టాలి అన్న మూడు వాక్యాలు దస్తావేజులో లేకపోతే, దసరా అమ్మకాల వారంలో షాపు యజమాని పనివాళ్ళను గుమ్మం తొక్కనివ్వడు, పైవాడు కుళాయి కట్టడు.